మెడికల్ బోర్డుకు ముందు లాల్‌బజార్ జిరాక్స్ షాపులో మూడు మంగళవారాలు

సికింద్రాబాద్ లాల్‌బజార్‌లో, మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక సందులో, యూనిఫాంలు కుట్టే టైలరు కొట్టు పైన ఒక చిన్న జిరాక్స్ షాపు ఉంది. బోర్డు మీద జిరాక్స్, డీటీపీ, ఫాం ఫిల్లింగ్ అని తప్ప ఇంకేమీ రాసి ఉండదు. షాపు నడిపే పెద్దాయన ఆర్మీ మెడికల్ కోర్‌లో క్లర్కుగా చేసి సుబేదారుగా రిటైరయ్యారు. తిరుమలగిరి, బొల్లారం, యాప్రాల్ వైపు ఫౌజీల ఇళ్లలో ఆయన సంగతి నోటిమాటగా అందరికీ తెలుసు. రిలీజ్ మెడికల్ బోర్డుకు, అంటే రిటైరయ్యేముందు ఆర్మీ డాక్టర్లు చేసే పరీక్షకు, వెళ్లబోయేవాళ్లకు ఆయన ఫైలు కట్టించి ఇస్తారు. బోర్డులో ఏం అడుగుతారో, ఎందుకు అడుగుతారో కూర్చోబెట్టి చెబుతారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి సుబేదార్ సాబ్ అనే రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు. 1998లో ఆర్మీలో భర్తీ అయ్యాను. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్. 24 ఏళ్లు చేసి 2022 జులైలో హవల్దారుగా రిటైరయ్యాను. చివరి రెండేళ్లు పోస్టింగ్ హైదరాబాద్‌లోనే పడింది కాబట్టి యాప్రాల్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని భార్యాపిల్లల్ని తెచ్చుకున్నాను. ఎడమ మోకాలు 2011లో రాజౌరి వైపు పోస్టు మార్చేటప్పుడు మంచు మీద జారి దెబ్బతింది. చెవులు తోపుల (ఫిరంగుల) దగ్గర నెమ్మదిగా పోయాయి. ఈ రెండింటివల్ల నేను 'లో మెడికల్ కేటగిరీ'లో, అంటే పూర్తి ఫిట్ కాదని రాసిన వర్గంలో, ఉండగా రిటైరయ్యాను. అలా వెళ్లేవాళ్లకు రిలీజ్ మెడికల్ బోర్డు తప్పనిసరి. మా వైపువాళ్లకు అది తిరుమలగిరి మిలిటరీ హాస్పిటల్‌లో జరుగుతుంది.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. బోర్డు తేల్చేవి ముఖ్యంగా రెండు. ఒకటి, ఈ వైకల్యం సర్వీసు వల్ల వచ్చిందా, లేక సర్వీసు వల్ల ముదిరిందా అన్నది. వచ్చింది అంటే ఆట్రిబ్యూటబుల్ అని, ముదిరింది అంటే అగ్రవేటెడ్ అని రాస్తారు. ఏదీ కాదంటే రాసేదాన్ని మావాళ్లు నానా అంటారు. రెండోది శాతం. 20 శాతం, ఆపైన ఉంటేనే డిజెబిలిటీ పెన్షన్ లెక్కలోకి వస్తుంది. ఇరవై ఏళ్లు మోసిన నొప్పి గురించి ఒకటి రెండు రోజుల్లో ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 అనే ఫారంలో రాసేస్తారు. ఆ తరువాత దాన్ని మార్పించాలంటే అప్పీళ్లు, అవీ కాకపోతే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. మన రెండు రాష్ట్రాలూ దాని చెన్నై బెంచి కిందికి వస్తాయి. నా బ్యాచ్‌మేట్ ఒకడు ఏ తయారీ లేకుండా బోర్డుకు వెళ్లి, ఇప్పటికీ ఆ చుట్టూ తిరుగుతున్నాడు. వాడి నడుము నా మోకాలికంటే చాలా పాడైంది. ఇది రాయడానికి వాడే కారణం.

సుబేదార్ సాబ్ దగ్గరికి వెళ్లేముందు నేను ఇంకో మనిషిని కలిశాను. ఎవరో, ఎక్కడో రాయను. పెన్షన్ వచ్చాక మొదటి ఏడాది డబ్బులో సగం తనకివ్వాలన్నాడు. నేను కర్ర పట్టుకుని నడవను. కర్ర పట్టుకుని వెళ్లమన్నాడు. చెవి పరీక్షలో మూడుసార్లు మోగితే ఒకసారే బటన్ నొక్కమన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. నిజంగా ఉన్న దెబ్బకు నాటకం ఎందుకు ఆడాలి? అదే మాట మా ఆవిడతో అంటే, "మీకు నిజంగా ఉన్నదే చెప్పడం రాదు, ఇంక లేనిదేం చెబుతారండీ" అంది. ఆ మాట అప్పుడు నాకు పూర్తిగా అర్థం కాలేదు.

మొదటి మంగళవారం జనవరిలో. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఒక క్యారీబ్యాగులో కుక్కి పట్టుకెళ్లాను. షాపులో టేబుల్ బదులు ఆయన పాత నల్ల ట్రంకు పెట్టె ఉంది. మూత మీద ఆయన ఆర్మీ నంబరు తెల్ల పెయింటుతో రాసినది సగం చెరిగిపోయి ఇంకా కనిపిస్తుంది. దాని మీద బెడ్‌షీట్ పరిచి, నా కాగితాలను పేకముక్కల్లా ఒక్కోటీ పేర్చారు. ఏడాదికో వరస. డిశ్చార్జి స్లిప్పులు ఒకవైపు, కేటగిరీ బోర్డు కాగితాలు ఒకవైపు, ఎక్స్‌రే రిపోర్టులు ఒకవైపు. ఇంటి కరెంటు బిల్లు ఒకటి కూడా వాటిలో వచ్చేసింది. దాన్ని మడిచి నా చేతికిచ్చారు. గంట తరువాత చూస్తే 2009 వరసలో ఒక్కటే కాగితం, 2011లో ఏడు, 2014 నుంచి 2016 వరకు అసలు ఏమీ లేదు.

"తమ్ముడూ, ఈ మూడేళ్లు మోకాలు నొప్పి లేదా?" అన్నారు.

"ఉంది సాబ్. ఎంఐ రూమ్‌లో మాత్ర తీసుకుని డ్యూటీకి వెళ్లిపోయేవాణ్ని."

"మరి ఆ మాత్ర ఎక్కడ రాసి ఉంది?"

ఎంఐ రూమ్ అంటే యూనిట్‌లో ఉండే చిన్న దవాఖానా. అక్కడి మాత్ర ఎక్కడా రాసి లేదు. సిక్ రిపోర్టు చేస్తే, అంటే ఒంట్లో బాలేదని అధికారికంగా చూపించుకుంటే, పరేడ్ పోతుందని, తోటివాళ్ల మీద డ్యూటీ పడుతుందని, మాత్ర అడిగి తీసుకునేవాణ్ని. మనలో చాలామంది అంతే. కాగితం మీద చూస్తే మాత్రం మూడేళ్లు మోకాలు పూర్తిగా బాగైపోయినట్టు కనిపిస్తుంది. సర్వీసులో ఉన్న తమ్ముళ్లు ఇది చదువుతుంటే, దయచేసి సిక్ రిపోర్టు చేయండి. నొప్పి వచ్చిన రోజే అది కాగితం మీదికి రావాలి.

అన్నిటికంటే ముందు ఆయన అడిగింది ఇంజురీ రిపోర్టు, ఐఏఎఫ్‌వై-2006 అనే ఫారం. దెబ్బ తగిలినప్పుడు డ్యూటీలో ఉన్నానా లేదా అన్నది అందులోనే ఉంటుంది. నా దగ్గర కాపీ లేదు. ఉధంపూర్ కమాండ్ హాస్పిటల్‌లో మోకాలికి ఆపరేషన్ చేసిన డిశ్చార్జి స్లిప్పు ఉంది, అది చాలనుకున్నాను. ఆపరేషన్ జరిగిందని ఆ స్లిప్పు చెబుతుంది, దెబ్బ డ్యూటీలో తగిలిందని చెప్పదు అన్నారు. అక్కడే కూర్చుని పాత యూనిట్‌కు, నాసిక్ రోడ్‌లో ఉన్న ఆర్టిలరీ రికార్డ్స్ ఆఫీసుకు లెటర్లు తయారుచేసి ఇచ్చారు. నా అప్పటి యూనిట్ క్లర్కు ద్వారా పంపాను. కాపీ రావడానికి ఐదు వారాలు పట్టింది. బోర్డు మార్చిలో. నేను ఫిబ్రవరి ఆఖర్లో ఈ షాపు మెట్లెక్కి ఉంటే ఆ కాగితం లేకుండానే బోర్డు ముందు నిలబడేవాణ్ని.

రెండో మంగళవారం నాకు బాగా గుర్తుండిపోయింది. ఆ రోజు రాయించింది పర్సనల్ స్టేట్‌మెంట్. ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16లో మన నోటితో మనం చెప్పేది ఆ భాగమే. ఎక్కడెక్కడ పనిచేశావు, ఏది ఫీల్డు (సరిహద్దు లాంటి కష్టమైన చోటు), ఏది పీస్ (మామూలు చోటు)? ఏ జబ్బు ఎప్పుడు, ఎక్కడ మొదలైంది, ఎక్కడ వైద్యం చేయించుకున్నావు? భర్తీకి ముందు ఇలాంటిది ఉందా? సర్వీసులో ఏ సంఘటన వల్ల ఇది వచ్చిందని, లేదా ముదిరిందని అనుకుంటున్నావు? దెబ్బ అయితే ఎలా తగిలింది, ఇంజురీ రిపోర్టు రాశారా?

నేను ఇంటి దగ్గర రాసుకెళ్లింది ఒక్క లైను: తోపుల శబ్దం వల్ల వినికిడి తగ్గింది. ఆయన దాన్ని చదివి, పక్కన పెట్టి, కుర్చీ నా కుడిచెవి వైపు జరుపుకున్నారు. ఆ చెవే కాస్త నయమని నేను చెప్పలేదు, ఆయనే గమనించారు.

ఏ తోపు? 105 ఎంఎం ఫీల్డ్ గన్. తోపు నడిపే జట్టులో నువ్వు ఎక్కడ నిలబడేవాడివి? బ్రీచ్ పక్కన, గుండు పెట్టే వెనక వైపు. చెవుల్లో ఏం పెట్టుకునేవాడివి? మొదట్లో దూది. ఏ రేంజిలో? మహాజన్‌లో, పోఖ్రాన్‌లో. ఫైరింగ్ అయ్యాక ఏమయ్యేది? చెవుల్లో గుయ్యిమని మోత, రెండు రోజులుండి పోయేది. ఎప్పుడైనా పోకుండా ఉండిపోయిందా?

ఆ ప్రశ్న 24 ఏళ్లలో నన్ను ఎవరూ అడగలేదు. 2009 ఎండాకాలంలో మహాజన్ నుంచి తిరిగొచ్చాక ఆ మోత పోలేదు. ఈ రోజుకీ ఉంది. రాత్రి ఫ్యాను ఆపేస్తే ఇంకా ఎక్కువ వినిపిస్తుంది, అందుకే చలికాలంలో కూడా మా ఇంట్లో ఫ్యాను తిరుగుతుంది. ఇది చెబుతుంటే నా గొంతు పట్టేసింది. ఆయన తొందరపెట్టలేదు. కింద టైలరు కొట్టు పక్క నుంచి రెండు చాయ్‌లు తెప్పించి, అది తాగేదాకా మాట్లాడకుండా కూర్చున్నారు. 2009 వరసలో ఉన్న ఆ ఒక్క కాగితం అప్పుడు చెవులు చూపించుకున్న స్లిప్పే. దాని తేదీ చూసి, స్టేట్‌మెంట్‌లో ఆ నెల, ఆ ఊరు, ఆ తోపు పేరు రాశారు.

"భర్తీకి ముందు ఉందా" అన్న ప్రశ్న దగ్గర ఆయన గోడ మీద అంటించిన ఒక టైపు కాగితం చూపించారు. 2013లో సుప్రీంకోర్టు ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పిన మాట అది. భర్తీ సమయంలో మెడికల్‌లో ఏ లోపమూ రాయకపోతే మనిషి ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి, తరువాత వచ్చిన జబ్బు సర్వీసు వల్ల కాదని అనాలంటే దాన్ని నిరూపించాల్సింది ప్రభుత్వమే. ఆ కాగితం చూసి ధైర్యంగా వెళ్లమన్నారు కానీ, బోర్డులో డాక్టర్ల ముందు కోర్టు తీర్పులు వల్లించొద్దని గట్టిగా చెప్పారు. అక్కడ అడిగినదానికి జవాబు చెప్పాలి, తీర్పులు అవసరమైతే అప్పీలులో పనికొస్తాయి అన్నారు.

తరువాత ఉన్నట్టుండి గొంతు మార్చి, డాక్టరులా అడిగారు. "మోకాలు ఎలా ఉంది?"

"ఠీక్ హై సాబ్."

పెన్ను కింద పెట్టేశారు. "ఇప్పుడు నా షాపు మెట్లు ఎలా ఎక్కావు?"

రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి. పదిహేడు మెట్లు. మధ్యలో ఒకసారి ఆగాను. అదే చెప్పాను.

"మరి ఠీక్ ఎలా అయింది?"

24 ఏళ్లుగా ఎవరు ఏది అడిగినా మనం చెప్పే జవాబు అదే కదా. పరేడ్‌లో చెప్పాం, ఫోన్‌లో అమ్మకు చెప్పాం. నోటికి అలవాటైపోయింది. డాక్టరు దాన్ని విన్నట్టే రాసుకుంటాడు, ఆయన తప్పేముంది? ఆ రోజు సుబేదార్ సాబ్ నాతో ఇంట్లో జరిగేవన్నీ చెప్పించారు. నేల మీద కూర్చుని అన్నం తినలేను. ఊళ్లో పాత బాత్రూమ్‌కు వెళ్లలేక ఊరికి వెళ్లడమే తగ్గించుకున్నాను. కిందటి కార్తీకమాసంలో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి పీటల మీద మా ఆవిడ కూర్చుంటే నేను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. చెప్పేటప్పుడు సిగ్గనిపించింది. ఆయన ఏదీ పెంచి రాయలేదు. వారంలో ఎన్ని రోజులు వాస్తుంది అంటే నేను రోజూ అన్నాను. రోజూనా అని మళ్లీ అడిగారు. నిజానికి వారానికి రెండు మూడు రోజులు. అదే రాశారు. "రేపు చూపించమంటే చూపించగలిగినంతే రాద్దాం" అన్నారు.

అప్పుడే అడిగారు, ఇంట్లో ఎవరైనా ఎక్కడైనా రాసిపెట్టారా అని. ఎవరు రాస్తారు సాబ్ అని వచ్చేశాను. ఇంటికొచ్చి మా ఆవిడకు ఈ మాట చెబితే, వంటింట్లోకి వెళ్లి గోడ క్యాలెండరు తీసుకొచ్చింది. దాని వెనకాల మేకుకు పోయిన ఏడాదిది కూడా వేలాడుతోంది. పాల ప్యాకెట్లు ఎన్ని తీసుకున్నామో గీతలు, గ్యాస్ బండ వచ్చిన తేదీలు, పిల్లల ఫీజు. వాటి మధ్య చిన్న అక్షరాలతో "మో.వా." అని అక్కడక్కడా ఉంది. ఏంటిది అన్నాను. మోకాలు వాపు అంది. నూనె కాచి రాసిన రోజు గుర్తు పెట్టుకునేది. ఎందుకంటే, ఏ కూర తిన్నప్పుడు వాస్తోందో తెలుసుకుందామని. నా పక్కనే ఇంత జాగ్రత్తగా నన్ను గమనిస్తున్న మనిషి ఉందని నాకు తెలియదు. రెండు క్యాలెండర్లలో ఆ గుర్తులు లెక్కపెడితే నెలకు తొమ్మిది, పది, పన్నెండు వచ్చాయి. వారానికి రెండు మూడు అన్న మాట సరిగ్గా సరిపోయింది. సుబేదార్ సాబ్ క్యాలెండరును ఫైలులో పెట్టలేదు, అది బోర్డుకు ఇచ్చే కాగితం కాదన్నారు. కానీ నేను చెప్పే మాట మీద నాకు నమ్మకం వచ్చింది.

చెవుల విషయం కూడా మా ఆవిడే గుర్తు చేసింది. కుక్కరు విజిల్ నాకు వినిపించక పప్పు మాడిన సంగతులు పాతవే. కరోనాలో అందరూ మాస్కులు పెట్టుకున్నాక నేను కొట్లో, బ్యాంకులో ప్రతి మాటా రెండోసారి చెప్పించుకునేవాణ్ని. అంతకుముందు ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకునేవాణ్నని అప్పటిదాకా నాకే తెలియదు.

మూడో మంగళవారం బోర్డుకు వారం ముందు. ఆ రోజు చెప్పినవి పనికొచ్చే మాటలు. చెవిలో గులిమి ఉంటే ముందే డాక్టరుకు చూపించి తీయించుకో, లేకపోతే రీడింగు తప్పుగా వస్తుంది. రోజూ వేసుకునే మందులు ఏవీ మానకు, ఏం వేసుకున్నావో అడిగితే చెప్పు. ప్యాంటు లోపల వదులు నిక్కరు వేసుకో, మోకాలు చూపించడానికి ఇబ్బంది ఉండదు. పరీక్షకు ముందు రోజంతా పెద్ద శబ్దాలకు దూరంగా ఉండు. ఈ ఆఖరిది నాకు చిక్కు తెచ్చింది. సరిగ్గా ముందు రోజు రాత్రి అల్వాల్‌లో మా తోడల్లుడి మేనల్లుడి బరాత్. తీన్మార్ డప్పులు, బ్యాండు, టపాసులు. వెళ్లకపోతే ఏమనుకుంటారో అన్నాను. ఆ శబ్దానికి చెవి ఒకటి రెండు రోజులు మొద్దుబారుతుంది, అప్పుడొచ్చే రీడింగు నీ అసలు చెవిది కాదు, అది ఎక్కువొచ్చినా నీకు న్యాయం కాదు అన్నారు. నేను మధ్యాహ్నమే వెళ్లి అక్షింతలు వేసి వచ్చేశాను.

బటన్ సంగతి నేనే అడిగాను, ముందు కలిసిన మనిషి చెప్పింది మనసులో మెదులుతోంది కాబట్టి. సన్నగా వినిపించినా నొక్కు, వినిపించకపోతే నొక్కకు, అంతే అన్నారు. అదే శబ్దాన్ని మళ్లీ మళ్లీ ఇచ్చి చూస్తారు, అబద్ధం చెప్పేవాడి జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. అనుమానం వస్తే బెరా పరీక్ష ఉంది, అందులో మనిషి ఏం చెప్పాల్సిన పని లేదు, తలకు తీగలు పెట్టి చెవి నుంచి వెళ్లే సంకేతాలే చూస్తారు. ఒక్క అబద్ధం పట్టుబడితే మోకాలి నిజం కూడా పోతుంది అన్నప్పుడు ఆయన గొంతులో కోపం వినిపించింది.

బోర్డు పరీక్షలు దాదాపు ఆయన చెప్పినట్టే జరిగాయి. ఈఎన్‌టీలో గోడవైపు తిప్పి నిలబెట్టి, ఒక చెవి మూసి, వెనక నుంచి మామూలు గొంతుతో ఒకసారి, గుసగుసగా ఒకసారి మాటలు చెప్పారు. ఆరు మీటర్ల దూరం నుంచి మొదలుపెట్టి దగ్గరికొస్తూ ఎక్కడ వినిపిస్తుందో రాసుకుంటారు. తరువాత గాజు తలుపు గదిలో హెడ్‌ఫోన్లు. మొదట లావు శబ్దాలు, అవి తేలిగ్గానే వినిపించాయి. సన్నవి వచ్చేసరికి చాలాసేపు బటన్ మీద వేలు ఊరికే ఉండిపోయింది. బయటికొచ్చాక గ్రాఫు చూపించారు. గీత కొంతదూరం సాఫీగా నడిచి, 4000 హెర్ట్జ్ దగ్గర గోతిలోకి దిగినట్టు దిగింది. పెద్ద శబ్దాల వల్ల పాడైన చెవుల్లో సాధారణంగా అక్కడే దిగుతుందని డాక్టరు చెప్పారు. 2009 మహాజన్ ఆ గీతలో కనిపించినట్టనిపించింది.

సర్జికల్ స్పెషలిస్టు దగ్గర కోణమానిలాంటి పెద్ద ప్లాస్టిక్ స్కేలు మోకాలి పక్కన ఆనించి, మడవమని, చాపమని డిగ్రీలు రాసుకున్నారు. తరువాత టేపుతో రెండు తొడలూ కొలిచారు. మోకాలి చిప్ప నుంచి ఒకే ఎత్తులో పెన్నుతో గుర్తు పెట్టి, అక్కడ చుట్టూ. ఎడమ తొడ రెండు సెంటీమీటర్లు సన్నగా ఉంది. పదకొండేళ్లుగా ఆ కాలి మీద బరువు వేయకుండా నడుస్తున్నానని టేపు చెప్పేసింది. "ఎలా ఉంది" అని ఆయన అడిగినప్పుడు నా నోటికి "ఠీక్" అన్న మాట వచ్చి ఆగింది. మెట్ల సంగతి, వాపు సంగతి, వ్రతం రోజు కుర్చీ సంగతి చెప్పాను. ఆయన తల పైకెత్తి విన్నారు. రెండు నిమిషాలు పట్టిందేమో.

ఫలితం: మోకాలు, చెవులు రెండూ ఆట్రిబ్యూటబుల్. మోకాలికి 20, చెవులకు అంతకంటే తక్కువ, రెండూ కలిపి 30 శాతం, జీవితాంతానికి. కలిపేటప్పుడు ఊరికే కూడిక చేయరు, దానికి వేరే లెక్క ఉంది. నా విషయంలో 50 లోపు ఉన్నదాన్ని 50గా తీసుకున్నారు. సర్వీసు పూర్తిచేసుకుని రిటైరైనవాళ్లకూ ఇది వర్తించాలని 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నూటికి నూరు శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం, 50కి అందులో సగం కాబట్టి నాకు 15 శాతం. పీపీవోలో, అంటే పెన్షన్ ఆర్డరులో, డిజెబిలిటీ ఎలిమెంట్ అని విడిగా వచ్చింది. ఇది 2008 రూల్స్ కింద జరిగిన సంగతి. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త ఎంటైటిల్‌మెంట్ రూల్స్ వచ్చాయి. ఇప్పుడు వెళ్లేవాళ్లు నా లెక్కను తమ లెక్క అనుకోకుండా, తమకు ఏవి వర్తిస్తాయో ముందు అడగాలి.

షాపులో నచ్చనివి కూడా చెప్పాలి. మోకాళ్లు, నడుములు పాడైనవాళ్లు వచ్చే చోటుకు పదిహేడు నిటారు మెట్లు. కింద టైలరుకు చెబితే ఆయనే దిగొస్తారు, కానీ అది మొదటిసారి వచ్చేవాళ్లకు తెలియదు, ఒక బోర్డు పెడితే బాగుంటుంది. పదకొండుకు ముందు తీయరు. ముందు వచ్చిన మనిషి పని పూర్తయ్యేదాకా ఇంకొకరిని చూడరు, నేను ఒకరోజు రెండున్నర గంటలు కూర్చున్నాను. టైపు చేసే కుర్రాడు నా ఆపరేషన్ తేదీలో 2011 బదులు 2012 కొట్టాడు. నేను చూసుకోకపోతే ఇంజురీ రిపోర్టుకూ స్టేట్‌మెంట్‌కూ పొంతన కుదిరేది కాదు. ప్రతి తేదీనీ మీరే వేలు పెట్టి సరిచూసుకోండి. కోర్టు కేసులు ఆయన చూడరు, లాయరు దగ్గరికి వెళ్లమంటారు. మొదటి అప్పీలుకు ఆరు నెలల గడువు ఉందని మాత్రం తేదీ వేసి చీటీ రాసిస్తారు.

డబ్బు విషయానికొస్తే, నా మూడు సార్లకూ కలిపి ఫైలుకు 600, జిరాక్సుకు పేజీకి రెండు రూపాయలు. అప్పటి రేట్లు ఇవి. పెన్షన్ వచ్చాక నేను స్వీట్ బాక్సుతో పాటు ఒక కవరు ఇస్తే, స్వీట్లు తీసుకుని కవరు తిరిగి నా జేబులో పెట్టారు. వీరనారీలు, అంటే విధుల్లో ప్రాణాలు పోయిన సైనికుల భార్యలు, వస్తే ఫైలుకు డబ్బు తీసుకోరని టైలరు చెప్పాడు.

మా యూనిట్ తమ్ముడొకడికి వచ్చే నెలాఖరులో బోర్డు ఉంది. నడుము. నిన్న ఫోన్ చేసి ఎలా ఉన్నావురా అంటే "ఠీక్ హై ఉస్తాద్" అన్నాడు. మంగళవారం వాణ్ని తీసుకెళ్తున్నాను. డిశ్చార్జి స్లిప్పులన్నీ తెమ్మన్నాను, ఇంజురీ రిపోర్టు కోసం ఈ రోజే లెటరు పెట్టమన్నాను. వాళ్ల ఆవిడను వంటింటి క్యాలెండరు ఒకసారి చూడమని మా ఆవిడ విడిగా ఫోన్ చేసి చెప్పింది.